తొలెమాయి రేవుమెట్లు

చెప్పులు తిరిగి ఉన్నాయని మొదట కనిపెట్టింది మా అత్తగారు.

అప్పటికి మా తెలుగు సంఘానికి సొంత మందిరం లేదు. ఎనభైల మొదట్లో డెట్రాయిట్ పక్కనున్న ట్రాయ్‌లో ఒక అమెరికన్ చర్చి వాళ్లు ఆదివారం మధ్యాహ్నాలు తమ బేస్‌మెంట్‌ను మాకు ఇచ్చారు. పొద్దున వాళ్ల ఆరాధన పైన, మధ్యాహ్నం మాది కింద. కార్ల కంపెనీల ఇంజనీర్లు, ఇద్దరు ముగ్గురు డాక్టర్లు, వాళ్ల పిల్లలు, కొన్నాళ్లు ఉండి పోదామని ఇండియా నుంచి వచ్చిన అమ్మలూ నాన్నలూ, అంతా కలిపి ఒక పెద్ద కుటుంబమంత ఉండేవాళ్లం. నేల మీద దుప్పట్లు పరిచి, ఆడవాళ్లం ముసుగులు వేసుకుని ఒక పక్క, మగవాళ్లు ఇంకో పక్క కూర్చునేవాళ్లం. మండుతున్న పొద దగ్గర దేవుడు చెప్పులు విడవమన్నాడు కనుక మంచు కాలమైనా సరే చెప్పులు, బూట్లు బయటే. పక్క తలుపు నుంచి బేస్‌మెంట్‌లోకి దిగే వెడల్పాటి సిమెంటు మెట్లు ఉండేవి. వాటి మీద అటూ ఇటూ విడిచి దిగేవాళ్లం.

ఆ రోజు ఆరాధన అయ్యాక అత్తగారు మెట్ల దగ్గర ఆగిపోయారు.

"ఏమ్మాయ్, నా చెప్పులు ఎవరే తిప్పింది?"

"ఎవరి కాలైనా తగిలి ఉంటుంది అత్తయ్యా."

"కాలు తగిలితే చెల్లాచెదురవుతాయి. చూడు, పెళ్లిపీటల మీద కూర్చోబెట్టినట్టున్నాయి."

నిజమే. మేం దిగుతూ విడిచాం కనుక అన్నిటి వేళ్ల వైపూ కిందికి చూడాలి. ఇప్పుడు ఒక జత కిందికి చూస్తే పక్క జత పైకి, తలుపు వైపు చూస్తోంది. మళ్లీ ఒకటి కిందికి, ఒకటి పైకి. ప్రతి జతా మడమలు కలిపి, శ్రద్ధగా. చీకటి మెట్ల మీద ఎవరో కనపడని జనం నిలబడి, సగం మంది లోపలికీ సగం మంది బయటికీ చూస్తున్నట్టు అనిపించింది నాకు.

తర్వాతి ఆదివారం కూడా అంతే. ఆ పై ఆదివారం కూడా.

"పిల్లల పని. వార్నింగ్ ఇద్దాం," అన్నారు మా కోశాధికారి బ్రదర్. పిల్లలంతా ఆ సమయంలో నా సండే స్కూల్ క్లాసులో నా కళ్లెదుటే ఉంటారని చెప్పాను. అప్పుడు ఒక సిస్టర్ గొంతు తగ్గించి, "చెప్పులు తిరగబడితే ఇళ్లలో గొడవలొస్తాయంటారు," అంది.

"ఆ నమ్మకాలన్నీ బాప్తిస్మం నీళ్లలో వదిలేశాం కదమ్మా," అన్నారు పాస్టర్‌గారు.

"మేం వదిలేశామండీ. చెప్పులు వదలట్లేదు."

నవ్వాం గాని ఎవరికీ మనసు కుదుట పడలేదు. ఆ వారం ఉపవాసం ఉన్నాం. పాస్టర్‌గారు డెట్రాయిట్‌లో అరబ్బుల కొట్లో ఒలీవ నూనె కొని, ప్రార్థించి మెట్టు మెట్టుకీ రాశారు. మొదటగా జారింది కోశాధికారి బ్రదరే. "దయ్యాన్ని బంధించబోయి నడుం బంధించుకున్నారు," అని ఆయన భార్య చాలా కాలం దెప్పింది. చెప్పులు మాత్రం నూనె మరకల మీద కూడా తిరిగే ఉన్నాయి. చివరికి, ఎవరి చెప్పులు వాళ్లు సంచిలో వేసుకుని లోపలికి తెచ్చుకోవాలని సంఘం తీర్మానించింది.

మెట్లు ఖాళీగా ఉన్న ఆ మొదటి ఆదివారం నేను పిల్లలకు కొత్త నిబంధనలో అపొస్తలుడు చేసిన ఒక ఓడ ప్రయాణం చెబుతున్నాను. గోడకి నేనే గీసిన మ్యాపు. తూరు నుంచి ఓడలో వచ్చి తొలెమాయిలో దిగి, సహోదరుల దగ్గర ఒక్క రోజు ఉండి, మర్నాడు కైసరయకు వెళ్లిపోయాడని చెప్పాను. ఒక పిల్లాడు, "ఆంటీ, కెన్ వి గో దేర్ నౌ?" అని అడిగాడు. "లేదు నాన్నా, ఆ ఊళ్లన్నీ ఎప్పుడో పాడైపోయాయి," అన్నాను. నాకు తెలిసింది అంతే.

"పాడైపోలేదు," అన్నది తలుపు దగ్గర నుంచి ఒక గొంతు, ఇంగ్లీషులో. తెలుగు రాని మనిషి నా మాట ఎలా పట్టుకున్నాడో నాకు తెలియలేదు. బహుశా మ్యాపు మీద నా వేలు ఎక్కడ ఆగిందో చూసి, పాడైపోయిందని నా చెయ్యి ఆడిన తీరు చూసి ఉంటాడు.

ఆయన మాకు తెలిసిన మనిషే. మాకు తలుపులు తీసి, ఆరాధన అయ్యాక తాళం వేసే పెద్దాయన. పైన హాల్లో ఒక్కడే కూర్చుంటాడు. అరబ్బు క్రైస్తవుడని విన్నాం, అంతే. లోపలికి వచ్చి మ్యాపు మీద తొలెమాయి చుక్కను వేలితో తాకాడు.

"నేను పుట్టింది ఇక్కడ. మీ గ్రంథంలో పాత నిబంధనలో అక్కో అని ఉంటుంది. ఒకటే ఊరు." తర్వాత చాలా మెల్లగా, "మీ చెప్పులు ఏమయ్యాయి?" అని అడిగాడు.

నేను గోడవారనున్న సంచుల వైపు చూపించాను.

"తిప్పింది నేనే. భయపెట్టానని తర్వాత తెలిసింది. క్షమించండి. వచ్చే వారం వాటిని మళ్లీ అక్కడ పెట్టగలరా? నాకు ఇంకా కాస్త టైమ్ కావాలి. అంతా పోతోంది," అంటూ నుదురు చూపించాడు.

జ్ఞాపకం పోయే జబ్బు. భార్యే కారులో దించి, సాయంత్రం వచ్చి తీసుకెళ్లేది. తాళాల పని ఒక్కటి ఇంకా మరిచిపోలేదని చర్చి వాళ్లు ఆయన దగ్గరే ఉంచారు.

ఆ తర్వాత నేనూ అత్తగారూ ఆదివారాలు ముందే వెళ్లి దుప్పట్లు పరిచేవాళ్లం. ఆయన వచ్చి మాతో కూర్చునేవాడు. అత్తగారు బత్తాయిలు ఒలిచి ఆయన చేతిలో పెట్టేవారు. ఆయన చెప్పింది నేను తెలుగులో ఆమెకు చెప్పేదాన్ని. కొన్నిసార్లు ఆయన లేచి, బేస్‌మెంట్ నేల మీద తన ఊళ్లో నడిచేవాడు. ఈ స్తంభం ఊరికి నేల వైపున్న కోట ద్వారం. ఆ హీటర్ దగ్గర పచ్చ గుమ్మటం మసీదు. ఇక్కడ రాతి స్తంభాల సత్రం, ఒంటెలు కట్టే చోటు. ఇక్కడ మా చర్చి. ఇక్కడ రొట్టెల పొయ్యి, మూడు మతాల పిండీ దాంట్లోనే కాలేది. చుట్టూ సముద్రపు గోడ. ఫ్రాన్సు నుంచి వచ్చిన ఆ మహా సేనాపతి కూడా మా గోడ దాటలేక ఫిరంగులు వదిలేసి వెనక్కి పోయాడు, అని చెబుతూ వీపు నిటారు చేసేవాడు. అలల హోరుకి అక్కో జడుస్తుందా అని వాళ్ల ఊళ్లో సామెతట.

కానీ ఎక్కువ చెప్పింది కింద ఉన్న ఊరి గురించి. సిలువ యుద్ధాల వాళ్లు కట్టిన పెద్ద పెద్ద రాతి హాళ్లను తర్వాత వచ్చిన పాలకులు మట్టితో, రాళ్లతో నింపేసి, వాటి పైన కోట కట్టుకున్నారట. ఇళ్ల కిందా అవే. చిన్నప్పుడు నేల మీద కొడితే కొన్ని చోట్ల డొల్ల శబ్దం వచ్చేదట. వాళ్ల నాయనమ్మ నేల మీద వేడినీళ్లు పోసే ముందు, కింద ఉన్నవాళ్లను, జిన్నులను, తప్పుకోమని ఒక మాట అనేదట.

"క్రైస్తవురాలై ఉండీనా?" అంది అత్తగారు.

నేను అడిగితే ఆయన నవ్వాడు. "చర్చి పైనే ఉంది. వాళ్లు కిందే ఉన్నారు."

మేం కూర్చున్నదీ భూమి కిందే. ఆ మాట తర్వాత హీటర్ టకటకమన్నప్పుడల్లా నేను ఉలిక్కిపడ్డాను, యేసు నామాన్ని పెదవుల మీదే తలుచుకుని.

చెప్పుల సంగతి చెప్పడానికి ఆయనకు చాలా వారాలు పట్టింది.

నలభై ఎనిమిది, వాళ్ల దేశంలో యుద్ధం వచ్చిన ఏడు, వసంతకాలం. జనమంతా రేవుకి పరుగెత్తారు. ఆ రేవుమెట్లకు అది కొత్త కాదు. సిలువ యుద్ధాల చివరి రోజున కూడా కోట పడిపోతుంటే, ఓడలు చాలక జనం ఆ రేవులోనే కొట్టుకుపోయారని వాళ్ల పెద్దలు చెప్పుకునేవారు. ఆయనా, పెళ్లి కాని చెల్లెలూ మెట్లు దిగారు. తోపులాట. చెల్లెలు పక్క పడవ ఎక్కిందనుకుని ఈయన తన పడవను నెట్టమన్నాడు. కాస్త దూరం పోయాక వెనక్కి చూశాడు. నీళ్లకు పై మెట్టు మీద ఆమె చెప్పులు ఉన్నాయి. ఆమె లేదు. పక్క పడవలోనూ లేదు. మళ్లీ ఏ ఊళ్లోనూ, ఏ క్యాంపులోనూ ఆమె జాడ దొరకలేదు.

"వేళ్లు సముద్రం వైపు ఉంటే నీళ్లలోకి దిగింది. ఊరి వైపు ఉంటే వెనక్కి తిరిగింది, బతికి ఉండొచ్చు. ఇన్నేళ్లూ నాకు స్పష్టంగా తెలుసు. కళ్లు మూసుకుంటే కనపడేవి. పోయిన ఏడు నుంచి రెండు వైపులా కనపడుతున్నాయి." మా మెట్ల వైపు చూపించాడు. "రెండు రకాలుగా పెట్టి చూస్తే ఏది నిజమో తెలుస్తుందనుకున్నాను. మీరు ప్రార్థన చేసే మనుషులు. దేవుణ్ణి అడిగి చెప్పండి, ఎటు?"

చెప్పడానికి నాకు వాక్యం చాలా తెలుసు. అదేదీ ఎత్తకుండా అత్తగారి వైపు తిరిగాను. నేను తెలుగులో చెప్పింది అత్తగారు అంతా విన్నారు. కృష్ణా జిల్లా సముద్రం పక్క మనిషి ఆమె. డెబ్బై ఏడు ఉప్పెన చూసింది. ఒలుస్తున్న బత్తాయి పక్కన పెట్టి, "జంటగా ఉన్నాయా, విడివిడిగా ఉన్నాయా, అడుగు," అంది.

ఆయన కళ్లు మూసుకున్నాడు. పైన చర్చిలో ఎవరూ లేరు. అయినా మా నెత్తి మీది నేల చప్పుడైనట్టు అనిపించింది.

"జంటగా. మడమలు కలిసి ఉన్నాయి."

"అయితే ఆ పిల్లను ఎవరూ తొయ్యలేదని చెప్పు. పరుగెత్తేవాళ్ల చెప్పులు అలా ఉండవు. ఉప్పెన పోయాక మా ఊళ్లో చెప్పులు చూశా నేను. ఒక్కటంటే ఒక్క జత కలిసి లేదు. ఈ పిల్ల నిదానంగా కూర్చుని విడిచింది. ఎటు పోయినా తనంతట తను పోయింది. అన్నయ్య వదిలేస్తే పోలేదు."

నేను ఇంగ్లీషులో చెప్పాను. ఆఖరి మాట రెండుసార్లు చెప్పించుకున్నాడు. తర్వాత అత్తగారి చేతిలోంచి బత్తాయి తొన తీసుకుని తిన్నాడు.

తర్వాతి ఆదివారం దట్టంగా మంచు పడింది. తిప్పింది ఆయనేనని, ఇక సంచులు వద్దని మేం అప్పటికే సంఘానికి చెప్పేశాం, చెప్పులు మళ్లీ మెట్ల మీదే. పాట మధ్యలో ఆయన లోపలికి వచ్చాడు. ఇదివరకు ఎప్పుడూ ఆరాధనకి రాలేదు. వట్టి కాళ్లు. మగవాళ్ల వైపు గోడ పట్టుకుని మెల్లగా నేల మీద కూర్చున్నాడు. కోశాధికారి బ్రదర్ తన దుప్పటి జరిపి చోటిచ్చాడు. మా భాష ఒక్క ముక్క రాకపోయినా ప్రార్థన అంతసేపూ తల వంచుకునే ఉన్నాడు. నా మనసులో అపొస్తలుడు మెదిలాడు, సహోదరుల దగ్గర ఒక్క రోజు ఉండి వెళ్లినవాడు.

ముగింపు దీవెన చెప్పకముందే లేచి వెళ్లిపోయాడు. మేం మెట్ల దగ్గరికి వచ్చేసరికి మా చెప్పులన్నీ మేం విడిచినట్టే ఉన్నాయి. వాటిని ఆయన ముట్టుకోలేదు. కింది నుంచి రెండో మెట్టు మీద ఆయన నల్ల బూట్లు, మడమలు కలిపి. పై తలుపు బార్లా తెరిచి ఉంది. గడప దాటి మంచులో వట్టి పాదాల గుర్తులు.

నేను గడప దాకా పరుగెత్తాను. ఇంతలో ఆయన భార్య లోపలికి వచ్చింది. కారులో కూర్చున్నాడని, కాళ్లు మంచుగడ్డల్లా ఉన్నాయని, అయినా నవ్వుతున్నాడని చెప్పింది. వంగి బూట్లు తీసుకుని, మాకు థ్యాంక్స్ చెప్పి వెళ్లిపోయింది.

ఆ మంచు కరగకముందే ఆయన ప్రభువు దగ్గరికి వెళ్లాడు. నిద్రలో, నెమ్మదిగా పోయాడని ఆమె చెప్పింది.

సమాధి కార్యక్రమం అయి ఇంటికి వస్తుంటే కారులో అత్తగారు అన్నారు. "పోనీలే, ఆయన లోపలికే వచ్చాడు. బూట్ల వేళ్లు లోపలికే ఉన్నాయిగా."

"లేదత్తయ్యా, తలుపు వైపు ఉన్నాయి. నేను చూశాను."

"నేనూ చూశానే. నీ పక్కనే ఉన్నా."

మా ఆయన కారు నడుపుతూ, "మీరిద్దరూ చూసింది ఒక్క జతేనా?" అన్నారు. ఎవరం నవ్వలేదు.

అత్తగారు ఇండియా వెళ్లేదాకా ఆ మాట మీద పట్టు వదల్లేదు. నేనూ వదల్లేదు. ఇప్పుడు ఆమె లేదు. మందిరంలో ప్రార్థనకు కళ్లు మూసుకుంటే ఆ మెట్టు కనపడుతుంది, దాని మీద నల్ల బూట్లు, మడమలు కలిపి. కొన్నేళ్లుగా అవి నాకు రెండు వైపులా కనపడుతున్నాయి.