రోజుకొకరి నీళ్ళు

మొన్న పొద్దున పేపర్లో, మన తీరాన సముద్రం కింద గ్యాసు వెలికితీయడానికి ఒక విదేశీ కంపెనీ పెట్టుబడి పెట్టబోతున్నదని చదివి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాను. నెల్లూరులో మా మేడ మీద నుంచి సముద్రం కనపడదు గానీ, ఆ నాలుగు ముక్కలతోనే పులికాట్ సరస్సు ఉప్పుగాలి ముక్కుకు తగిలినట్టయింది. నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అరవైల్లో ఎవరు జీపులో వచ్చినా దేశం బాగుపడుతుందనే అనుకునేవాళ్ళం.

మాది చేపలు పట్టి బతికే ఊరు. సరస్సు సముద్రంలో కలిసే చోటును మొగ అంటారు. నీళ్ళు సముద్రంలోకి తీసే వేళ రొయ్యలన్నీ ఆ సందులోంచే పోతాయి కనుక, అక్కడ గుంజలు నాటి వల కట్టినవాడికి పంట పండినట్టే. అందుకే ఆ చోటు ఏ ఒక్కరిదీ కాకుండా ఇంటికొక రోజు వంతు పెట్టుకున్నారు. గాలివానకు ఎవరి వంతు పోయినా పోయినట్టే, మరొకరి రోజు అడగకూడదు. రొయ్యలు విరగబడి పోయే కార్తీక అమావాస్య వంతు ఏ ఇంటికి పడితే ఆ ఇంటికి ఏడాది గడిచిపోయేది.

ఆ ఏడు అది మాకు పడింది. నాయుడుపేటలో మేనత్త ఇంట్లో ఉండి ఎస్సెస్సెల్సీ పాసై వచ్చిన నేను, డైరీ రాసుకుంటూ, అట్టలూడిన ఇంగ్లీషు కథల పుస్తకాలు పొయ్యి దగ్గర చదువుకుంటూ ఉండేదాన్ని. అమావాస్య రొయ్యలు అమ్మగానే నెల్లూరుకు టీచరు ట్రైనింగుకు పంపుతానని నాయన మాట ఇచ్చాడు.

వానలకు ముందే గ్యాసు వెతికే ఒక కంపెనీ తరఫున ఒక తెల్లదొర, ఆయన మాట మాకు చెప్పడానికి నెల్లూరు నుంచి ఒక ప్యాంటాయన వచ్చారు. మొగలో బోరు వేసి గ్యాసు ఉందేమో చూడాలట, ఆ నీళ్ళు ఎవరివో చెబితే నష్టానికి ఏదో ఒకటి ఇస్తారట. ఊరిపెద్ద అయిన మా పెదనాయన, ఉన్నదున్నట్టు ఆ రోజు వంతున్నాయన పేరు చెప్పాడు. వారం పోయాక మళ్ళీ అడిగితే, ఆ రోజు వంతున్న ఇంకొకాయన పేరు చెప్పాడు. మూడోసారి మరో పేరు వినేసరికి ప్యాంటాయనకు మండింది.

"ఏందయ్యా, రోజుకొక మొగుడా మీ నీళ్ళకి?"

వలలు బాగుచేసుకుంటున్నవాళ్ళు కూడా నవ్వారు. పెదనాయన నవ్వలేదు.

"మొగుళ్ళు కాదు సామీ, వంతులు. ఈ పొద్దు ఈయనది. ఇంకొకరిదని అబద్ధం ఎట్ట చెప్పేది?"

ఊరందరిదీ అని ఉంటే సరిపోయేదేమో. కానీ మావాళ్ళకు, నీళ్ళు ఎవరివంటే ఈ రోజు ఎవరివనే అర్థం. పడవ చాటున ఆడవాళ్ళ వెనక నిలబడ్డ నాకు వంతును ఇంగ్లీషులో ఏమంటారో తెలుసు; ఆ మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. పలికినా, ఆడపిల్ల నోట ఇంగ్లీషు విని నవ్వుకోవడం తప్ప వాళ్ళు చేసేదేమీ ఉండేది కాదు. ప్యాంటాయన దొరతో అన్నదాంట్లో నాకు అర్థమైంది ఒకటే, ఈ నీళ్ళు ఎవరివీ కావని.

కార్తీకానికల్లా మొగకు అడ్డంగా ఇనప దిమ్మ లేచింది, చుట్టూ తాళ్ళు, ఎర్రజెండాలు. నీళ్ళ అడుగున మందు పేల్చినప్పుడల్లా మా ఇంట్లో ఉట్టి ఊగేది. అమావాస్యనాడు నాయన గుంజలూ వలా పడవలో వేసుకుని వెళ్ళి, నీళ్ళు తీసినంతసేపూ తాళ్ళకు ఇవతల కూర్చుని, తడవని వలతో తిరిగి వచ్చాడు.

ఊరు కూడింది. కొందరు తమ రోజు ఇస్తామన్నారు. సొంత తమ్ముడి విషయం కనుక తీర్పు ఊరినే చెప్పమని పెదనాయన అంటే, నాయనే లేచాడు.

"గాలివానకి పోయినా దొరకి పోయినా, పోయిన వంతు పోయినట్టేన్నా. నా కోసరం కట్టుబాటు మార్చబాకండి."

దాంతోపాటు నా ట్రైనింగూ పోయిందని ఆయనకు తెలుసు. నా వైపు చూడలేదు. ఆ రోజు డైరీలో 'వాన లేదు' అని మాత్రం రాసుకున్నాను. పై ఏడు పెళ్ళి చేసుకుని నెల్లూరు వచ్చాను గానీ, ట్రైనింగుకు కాదు.

ఎండాకాలానికి కంపెనీవాళ్ళు సామాన్లు సర్దుకుని వెళ్ళిపోయారు. గ్యాసు దొరికిందో, దొరికినా చాలలేదో మాకెవరూ చెప్పలేదు. అడగాలన్నా ఎవరినడగాలో తెలియలేదు. మొగ తిరిగి వచ్చింది గానీ వంతులు రాలేదు. మళ్ళీ జీపు వస్తే ఈ నీళ్ళు మావని చూపించుకోవడానికి ఉంటుందని ఒకరు వంతు అయిపోయినా తమ గుంజలు పీకకుండా వదిలేశారు, వాళ్ళను చూసి పక్కవాళ్ళు. నాయన మాత్రం ఏ పూట గుంజలు ఆ పూటే పీకి తెచ్చుకునేవాడు. చివరికి ఆయనకు నాటుకునే చోటు లేకుండా పోయింది. ఇప్పుడు మా ఊళ్ళో ఏ నీళ్ళు ఎవరివో ఎవరినడిగినా తడుముకోకుండా చెబుతారు. ఈ పొద్దు ఎవరి వంతని అడిగితే మాత్రం, ఏమడుగుతున్నానో తెలియక నా ముఖం చూస్తారు.