పేరెత్తకూడని ఇల్లు

బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో పోశయ్య, ముత్యం ఒకే జట్టులో చెరుకు నరికేవాళ్లు. ఫ్యాక్టరీ మూతపడింది. పొలాల్లో చెరుకు పోయి వరి వచ్చింది, కత్తులు చూర్లలో తుప్పు పట్టాయి. ముత్యం కత్తికి మాత్రం వేరే పని దొరికింది.

మంజీర ఇసుక రేవును అప్పట్లో ఒక పాత కాంట్రాక్టరు నడిపేవాడు. ఒకనాటి పొద్దున ముత్యం రేవులోకి దిగి, ఆయన చాయ్ గ్లాసు అందుకుంటుండగా మణికట్టు మీద ఒకే వేటు వేశాడు. చెరుకు గడను మొదలంటా కోసినట్టే నడుం వంచి, ఏటవాలుగా. చెయ్యి తెగి ఇసుకలో పడింది. గ్లాసు ఇంకా ఆ వేళ్ల మధ్యే ఉంది. పక్కనున్న పోశయ్య అక్కడే వాంతి చేసుకున్నాడు.

"కక్కుడు అయినంక ట్రాక్టర్ స్టార్ట్ చెయ్యిరా" అన్నాడు ముత్యం.

ఆ రోజు నుంచి రేవు ముత్యానిదైంది. పోశయ్య ఆయన ట్రాక్టరూ తోలాడు, ఆయన కోపమూ మోశాడు. ఎందుకు మోశావంటే ఒకటే చెప్తాడు. తనను కన్న అవ్వ చివరి రోజుల్లో నిజామాబాద్ ఆసుపత్రిలో ఉంటే ముత్యం మూడు రోజులు వరండాలో చాప మీద పడుకున్నాడట. అవ్వ మూతి తుడిచాడట. మనుషుల్ని కొట్టే చేతులతోనే.

ఆ వైపు ఊళ్లలో గ్రామ కమిటీ మాటే చట్టం. ఇసుక తోలాలన్నా, మందు అమ్మాలన్నా, చివరికి కోడిని కోయాలన్నా కమిటీ పెట్టే వేలంలో పాట పాడి గెలవాలి. గెలిచినవాడు తప్ప ఊళ్లో ఇంకెవరూ అది అమ్మకూడదు. ముత్యం కమిటీ పెద్ద అయ్యాక పాట పాడేది ఆయనొక్కడే. ఒక ఏడు పక్కవాడకట్టు మల్లికార్జున్ నోరు తెరిచాడు. తెరిచిన నోట్లో నాలుగు పళ్లు పంచాయతీ మెట్ల మీదే రాలాయి. మరుసటేడు పాట పావుగంటలో అయిపోయింది.

ప్రతి పొద్దునా ముత్యం వాకిట్లో మంచం వేసుకుని గడ్డం గీయించుకుంటూ అడిగేవాడు.

"ఊళ్లె ఏమున్నదిరా, పోశిగా?"

పోశయ్య ఇల్లిల్లూ చెప్పేవాడు. ఎవరింటికి చుట్టం వచ్చిండు, ఎవడు పొద్దుగాలనే బోధన్ బస్సెక్కిండు, ఏ గోడ వెనక ఎవడు గొణిగిండు. ముత్యం బలం కత్తిలో ఉందని ఊరు అనుకునేది. అది ఆ పొద్దుటి ముచ్చటలో ఉందని పోశయ్యకు తెలుసు.

ఇసుక గుంతలు లోతయ్యేకొద్దీ ఒడ్డున బోర్లు ఎండిపోయాయి. దేవన్న బోరు కూడా. ఆయన ఎవరికీ చెప్పకుండా బోధన్ పోయి, ఇసుక తవ్వకం ఆపించమని సర్కారు ఆఫీసులో దరఖాస్తు ఇచ్చి వచ్చాడు. దేవన్న పోశయ్యకు బావ. అక్క తిరుపతమ్మ మొగుడు.

"ఓ చెయ్యి ఇరగ్గొట్టి రా" అన్నాడు ముత్యం.

"అన్నా, గాయన మా బావ."

"ఎరుకనే. గందుకే నీకు చెప్తున్న. వేరేటోడు పోతే సంపి వస్తడు. నువ్వైతే చేతితోని ఆపుతవ్."

పోశయ్య జాకీ రాడ్డు పట్టుకుని పొలానికి పోయాడు. దేవన్న గట్టు మీద సద్ది తింటున్నాడు. రాడ్డు చూశాడు, బామ్మర్ది మొహం చూశాడు, చెయ్యి కడుక్కున్నాడు.

"ఎడమది ఇరువు బామ్మర్దీ. కుడిది ఉంటె పనన్న చేస్కుంట."

పోశయ్య కొట్టాడు. మొదటి దెబ్బకు విరగలేదు. రెండోసారి కళ్లు మూసుకుని కొట్టాడు. పచ్చి కట్టె విరిగినట్టు చప్పుడైంది. దేవన్న గట్టు మట్టిలో పొర్లుతూ పళ్ల మధ్య నుంచి అన్నాడు.

"మీ అక్కకు చెప్ప. నువ్వు గూడ చెప్పకు. దానికి నువ్వొక్కనివే తమ్మునివి."

అయినా దరఖాస్తు వాపసు తీసుకోలేదు. మరునాడు ఊళ్లో డప్పు మోగింది. దేవన్న ఇంటికి ఊరు బందు. మాట్లాడితే జుర్మానా కట్టాలి, చెప్పుదెబ్బలు తినాలి. ముత్యం దాని మీద ఇంకొకటి కలిపాడు.

"నా ముంగట గా ఇంటి పేరు గూడ తియ్యద్దు. తీసినోని నాలిక కోస్త. గా ఇల్లు ఊళ్లె లేనట్టే."

లేనట్టే అయింది. దుకాణంలో ఉప్పు ఇవ్వలేదు. వాళ్ల బర్రె పాలు ఎవరూ పోయించుకోలేదు. బావికాడ తిరుపతమ్మకు చేద అందించాడని మహేష్ అనే కుర్రాణ్ని స్తంభానికి కట్టి, వీపు తోలు లేచేదాకా చెరుకు గడలతో బాదారు. తిరుపతమ్మ బజారులో తమ్ముడికి ఎదురుపడితే, ఆమే తల దించుకుని పక్కకు జరిగేది. వాడికి దెబ్బలు పడతాయని భయం. ఏడు నెలలు అట్లా గడిచాయి.

ఎనిమిదో నెలలో ఆఫీసరు వచ్చి గుంతలు కొలిచాడు. రెండు ట్రాక్టర్లు పట్టుకుపోయారు. ముత్యం కత్తికి సాన పెట్టించాడు.

"ఈసారి చెయ్యి కాదు" అన్నాడు. ఎవరిదో చెప్పలేదు. చెప్పక్కర్లేదు.

ఆ సాయంత్రం పోశయ్య కాలువ గట్టు మీద నుంచి అక్క పెరడు చూశాడు. కొత్త మనుషులు ముగ్గురు. లుంగీలు కట్టారు కానీ కాళ్లకు బూట్లున్నాయి. అక్క వాళ్లకు పళ్లాలు కడుగుతోంది. పోలీసులని ఇట్టే అర్థమైంది. వేరే ఏ ఇంట్లో దిగినా గడియలో ముత్యానికి తెలిసేది. ఆ ఇంటి వైపు మాత్రం ఏడు నెలలుగా ఊరు తల తిప్పి చూడటం లేదు.

తెల్లారి గడ్డం గీయించుకుంటూ ముత్యం అడిగాడు.

"ఊళ్లె ఏమున్నదిరా?"

పోశయ్య మనసులో లెక్క వేసుకున్నాడు. చెప్తే ముత్యం ఆగుతాడు, పోలీసులు పోయేదాకా. ఆ తర్వాత అక్క ఇంట్లో ఎవరూ మిగలరు. చెప్పకపోతే అవ్వ మూతి తుడిచిన మనిషి బోనులోకి నడుస్తాడు. ఒక్కో ఇల్లూ చెప్పుకుంటూ వచ్చాడు. కాలువ పక్కన అక్క ఇల్లు వదిలేసి దాని పై ఇంటి ముచ్చట ఎత్తాడు.

"గంతేనా?"

"గంతే అన్నా."

మిట్టమధ్యాహ్నం ముత్యం, పోశయ్య, ఇంకో ఇద్దరు మనుషులు దేవన్న ఇంటికి పోయారు. ముత్యం తలుపు తన్నాడు. దేవన్న మంచం దగ్గర నిలబడి ఉన్నాడు, ఎడమ చెయ్యి వంకరగా అతుక్కుని. ముత్యం నడుం వంచి కత్తి విసిరాడు. గాదె చాటు నుంచి దూకిన పోలీసు భుజంలో దిగబడింది అది. గోడ మీదా, గుమ్మంలో ఉన్న పోశయ్య మొహం మీదా నెత్తురు చిమ్మింది. మిగతా ఇద్దరి లాఠీలు ముత్యం మోకాళ్ల మీద పడ్డాయి, పడుతూనే ఉన్నాయి, ఎముక పొడిచుకు వచ్చేదాకా. వెంట వచ్చిన ఇద్దరూ గోడ దూకి పారిపోయారు. పోశయ్య మాత్రం తన రాడ్డు గుమ్మం ముందు పెట్టి కూర్చున్నాడు.

బేడీలు వేస్తుంటే ముత్యం నేల మీద నుంచి తల ఎత్తాడు.

"నీకు ఎరుకేనారా?"

"ఎరుకే."

"మరి చెప్పకపోతివి?"

"గీ ఇంటి పేరు తియ్యద్దంటివి గదన్నా."

ముత్యం నవ్వబోయాడు, నొప్పికి అరిచాడు. అవ్వ పోయిననాడు ఏడ్చినట్టు పోశయ్య ఏడ్చాడు.

తిరుపతమ్మ వెనక అర్రలో నుంచి వచ్చింది. తమ్ముడి పక్కనున్న రాడ్డు చూసింది. మొగుడి చెయ్యి చూసింది.

"మీ బావ చెయ్యి నువ్వే ఇరగ్గొట్టినవా?"

దేవన్న వద్దని తల ఊపుతూనే ఉన్నాడు. పోశయ్య ఆయన వైపు చూడలేదు.

"నేనే అక్కా."

పోశయ్యను జీపు ఎక్కిస్తుంటే ఆమె వెనకాలే గేటు దాకా వచ్చింది. ఊరంతా బజారులో నిలబడి చూస్తోంది. అందరి ముందూ తమ్ముడి చెంప మీద ఫెడీమని ఒకటి కొట్టింది. తర్వాత కొంగుతో వాడి మొహం మీది నెత్తురు తుడిచి, జీపులో పోలీసును అడిగింది.

"వీడు పొద్దుగాల్నుంచి ఏం తిన్నట్టు లేడు సారూ. జైల్ల అన్నం ఎన్ని గంటలకు పెడ్తరు?"