ఆ ఇంగ్లీషు ఎవరు నేర్పేరు?

2023. దసరా సెలవులయ్యి బళ్లు తెరిచిన వారం. కొత్తపేటలో ఓ చిన్న ఇంగ్లీషు మీడియం స్కూల్లో ప్రీ-ప్రైమరీకి, అంటే ఒకటో తరగతికి ముందుండే నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీలకి నేనే ఇన్‌ఛార్జిని. పిల్లల మీద కంటే వాళ్ల అమ్మానాన్నల మీదే నాకు కోపం ఎక్కువ. ఇది నేను దాచుకునే సంగతేం కాదు.

యూకేజీలో చరణ్ అనే పిల్లాడు. పక్కపిల్ల హాసిని క్రేయాన్ ఇవ్వలేదని ఇంగ్లీషులో ఓ మాటన్నాడు. నవ్వుతూ, ముద్దుగా, మంచి యాసతో. పెద్దాళ్లు కూడా నలుగురిలో అనని మాట, నేనిక్కడ రాయలేను. పిల్లని తీసుకెళ్లడానికొచ్చిన హాసిని తల్లి చెవిన పడింది, అర్థమైపోయింది. పెద్ద గొడవైంది.

మర్నాడు చరణ్ నాన్న వెంకట్రావుగారు ఆఫీసు రూములో స్కూలు యజమాని ముందే బల్ల గుద్దేరు. పలివెలలో కొబ్బరికాయల వ్యాపారం ఆయనది. "మా ఇంట్లో ఎవరికీ ఇంగ్లీషు ముక్క రాదండీ. వాడికొచ్చిందంతా మీరు నేర్పిందే. మరి ఆ మాట ఎవరు నేర్పేరు?"

వింటే న్యాయంగానే ఉంది. యూకేజీకి ఇంగ్లీషు చెప్పేది సునీత. ఆ జూన్‌లోనే చేరింది, మొదటి ఉద్యోగం. స్కూలు యజమాని, అంటే మా కరస్పాండెంటుగారు, "శనివారంతో మానేయమనండి, గొడవొదిలిపోద్ది" అనేసేరు.

సునీత ఏడవలేదు. "నేనలాంటి మాట ఎప్పుడూ అనలేదు మేడమ్. మా నాన్నగారు చర్చిలో సంఘపెద్ద. ఈ మచ్చతో ఇంటికెలా వెళ్లను?" అంది. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ మాట వాడికెక్కణ్ణుంచొచ్చిందో చూద్దామని ఆ సాయంత్రం చెప్పాపెట్టకుండా చరణ్ వాళ్లింటికెళ్లేను. సరిగ్గా వాడికి అన్నం పెట్టే వేళ. వెంకట్రావుగారూ ఇంట్లోనే ఉన్నారు. నాయనమ్మగారు పప్పన్నం కలిపి కూర్చున్నారు. "బొమ్మల్లేకపోతే ముద్ద దిగదండీ వీడికి" అంటూ తల్లి టీవీ పెట్టింది. ఇంగ్లీషు బొమ్మలు. "తెలుగువి పెట్టమండీ. తింటూ తింటూ ఇంగ్లీషొచ్చేస్తుందని ఈయనే పెట్టించేరు" అంది గర్వంగా.

కాసేపటికే నాకు చెవులు మూసుకోవాలనిపించింది. దాన్ని అడల్ట్ యానిమేషన్ అంటారు. బొమ్మలతోనే, కానీ పెద్దవాళ్ల కోసం తీసేది. బూతులు, తాగుడు, పడగ్గది సంగతులు అన్నీ ఉంటాయి. మొదట్లో తెర మూల 18+ అని కూడా పడింది. ఇంతలో తెర మీద బొమ్మ ఆ మాటంది. నోట్లో ముద్దతోనే చరణ్ కూడా అనేసేడు.

"ఇదేనండీ ఆ మాట" అన్నాను.

వెంకట్రావుగారు తెల్లబోయేరు. "బొమ్మలే కదా, పిల్లలవే అనుకున్నామండీ. ఆ పద్దెనిమిదేదో భాగం నెంబరనుకున్నాం."

నాయనమ్మగారు కంచం కింద పెట్టేసేరు. "నాకు ముందునుంచీ నచ్చలేదమ్మా, ఆ ఆడబొమ్మ వాటమూ, ఆ మగాడి చూపూ. ఇంగ్లీషు కదా, మనకేం తెలుసులే అని నోరు మూసుకున్నాను."

ఆ మాటతో నా కోపం సగం చల్లారింది. మిగతా సగం చల్లారలేదు. "వాణ్ణి కొట్టకండి, వాడికేం తెలీదు. రేపొచ్చి సునీతకి చెప్పండి. ఎవరి ముందు బల్ల గుద్దేరో వాళ్ల ముందే చెప్పండి" అన్నాను.

"ఆయ్, వస్తానండి" అన్నారాయన తలొంచుకుని.

వచ్చేరు. కరస్పాండెంటుగారి ఎదుటే, "తప్పు మా ఇంట్లోదండీ, ఈ అమ్మాయిది కాదు. ఏమనుకోకమ్మా, నన్ను క్షమించు" అన్నారు. సునీత అప్పుడేడ్చింది. ఉద్యోగం నిలబడింది.

ఇంగ్లీషు రాకపోవడం తప్పేం కాదు. పక్కన కూర్చుని చూస్తే ఆ పెద్దావిడకి తెలిసినట్టే ఎవరికైనా తెలుస్తుంది. తెలిసేక నోరు విప్పాలి, అంతే. అప్పట్నుంచీ అడ్మిషన్లప్పుడు పిల్లల్ని ఏబీసీడీలు అడగడం మానేసేను. "వీడు బొమ్మలు చూసేటప్పుడు పక్కన ఎవరుంటారండీ?" అని పెద్దాళ్లనే అడుగుతున్నాను. చాలామంది ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.