ముందు బోలెడు చోటుంది

మా మామగారికి, అంటే మా ఆవిడ తండ్రికి, ఒకటే జబ్బు. నలుగురు ఒకచోట నిలబడి కనిపిస్తే "ముందుకు జరగండి" అనకుండా ఉండలేరు. సర్వీసంతా సిటీ బస్సులో కండక్టరుగా చేశారు. ఆయన రిటైరయ్యారు గాని ఆ మాట రిటైరవలేదు. ఆస్పత్రి వరసలో అనేవారు, కరెంటు బిల్లు కట్టే వరసలో అనేవారు. మా పెళ్ళి ఫొటోకి బంధువులందరినీ ముందుకు జరిపి జరిపి ఫొటోగ్రాఫర్ని గోడకి అంటించేశారు. పాపం అతను వెనక్కి పోవడానికి చోటు లేక సగం మందిని తలలు లేకుండానే తీశాడు. ఆ తలల్లేని వాళ్ళలో పెళ్ళికొడుకు కూడా ఉన్నాడు.

చుట్టాలు ఈ జబ్బుని నవ్వుకుంటూ భరించేవాళ్ళు. నాకు మాత్రం నవ్వు వచ్చేది కాదు. ఎందుకంటే ఆయనకి హఠాత్తుగా రెండో పిచ్చి కూడా పట్టుకుంది. మా హార్బరు చుట్టూ సముద్రంలోకి చొచ్చుకొచ్చిన కొండలున్నాయి. ఒక్కో కొండ కొసనా ఓడల్ని చూడడానికి ఒక వ్యూ పాయింటు ఉంది. ఆదివారం వస్తే చాలు, మామగారు వాటిమీదికి బయల్దేరేవారు. తోడు నేను. కొండ అంచున నిలబడ్డ మనిషిని ముందుకు జరగమంటే ఏమవుతుందో మీరే ఆలోచించండి.

పైగా నాకు ఎత్తంటే చచ్చేంత భయం. ఇంట్లో బల్బు మార్చాలంటే మా ఆవిడ స్టూలెక్కేది, నేను కింద స్టూలు పట్టుకుని వణికేవాణ్ణి. ఆ సంగతి పుట్టింట్లో చెప్పనని ఆమె చేత ఒట్టు వేయించుకున్నాను. అల్లుడన్నాక కాస్త పరువుండాలి కదా.

అప్పటికే నాకు ఇంకో గండం ముంచుకొస్తోంది. నేను హార్బరు ఆఫీసులో కూర్చుని ఓడలతో రేడియోలో మాట్లాడే ఉద్యోగిని. నేలమీది గది, ఒక్క కిటికీ కూడా లేదు, ప్రాణానికి హాయిగా ఉండేది. దాన్ని కొత్తగా కట్టిన టవరు నెత్తిమీదికి మారుస్తున్నామన్నారు. పైన నాలుగు వైపులా అద్దాలేనట. వానలు వెలవగానే ఎక్కి కూర్చోవాలి, లేదా ఉద్యోగం వదులుకోవాలి. బతికుంటే బలుసాకు తినొచ్చు, వదిలేస్తానని మా ఆవిడతో చెప్పాను. ఆమె మా పిల్లవాడి బూట్లకి పాలిష్ పెడుతూ, పెట్టిన బూటుకే మళ్ళీ పెట్టింది.

మామగారు నన్ను మొదట తీసుకెళ్ళింది ఐసు ఫ్యాక్టరీ వెనకున్న గుట్ట మీదికి. మహా అయితే ఒక మేడంత ఎత్తుంటుంది. అయినా కింద అలలు రాళ్ళని బాదుతుంటే నేను అంచుకి పది అడుగుల దూరంలోనే ఆగిపోయాను. ఆయన వెనక నిలబడి నా చొక్కా పట్టుకున్నారు.

"ముందుకు జరగండి అల్లుడుగారూ."

"ఇక్కణ్ణించి బాగానే కనబడుతోంది మామగారూ."

"ముందు బోలెడు చోటుంది."

"అది సముద్రం మామగారూ."

"సముద్రానికి ముందు."

నిజమే, సముద్రానికి ముందు కాస్త చోటుంది. జరిగాను.

తర్వాత నీళ్ళ ట్యాంకు కొండ, ఆ తర్వాత పాత ఫిరంగుల దిబ్బ. ఒకదాన్ని మించి ఒకటి ఎత్తు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు. నాకు ముందు సముద్రం, వెనక మామగారు. ఫిరంగుల దిబ్బ మీద ఒక కొత్త జంట రెయిలింగు దగ్గర ఎడంగా నిలబడి ఉంది. వాళ్ళ మాటలు వినబడగానే మామగారు అలవాటుగా, "జరగండి, జరగండి, మధ్యలో చోటుంది" అన్నారు. అమ్మాయి సిగ్గుపడి జరిగింది. అబ్బాయి మామగారికి థాంక్స్ చెప్పాడు. నాకా సరదా ఏమీ ఎక్కలేదు, కళ్ళు తిరుగుతున్నాయి. ఆ వారం నుంచి మంచం మీద కూడా గోడ పక్కకి మారాను.

ఆఖరికి లైట్‌హౌసు కొండ వంతు వచ్చింది. అన్నిట్లోకీ ఎత్తయినది అదే. కొసదాకా సన్నటి బాట. ఒక పక్క కొండ, రెండో పక్క ఏమీ లేదు. రెయిలింగు సగం దూరం వచ్చి ఆగిపోయింది, మిగతాది తుప్పు తినేసింది. గాలి చెంపలు వాయిస్తోంది. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నడుస్తుంటే చెప్పు కింద నుంచి ఒక రాయి జారి దొర్లింది. అది కింద పడ్డ చప్పుడు కోసం చెవులు రిక్కించాను. చప్పుడు రాలేదు. అంతే, కూలబడి రెండు చేతులా గడ్డి పట్టుకున్నాను.

"ముందుకు జరగండి," అని వెనక నుంచి వినబడింది. గొంతు మామూలుగా లేదు.

"నావల్ల కాదు మామగారూ. నాకు ఎత్తంటే భయం. చిన్నప్పట్నించీ భయమే. ఆ టవరు నేనెక్కలేను, ఉద్యోగం మానేస్తున్నాను." పరువు సంగతి అప్పుడు గుర్తు రాలేదు.

"తెలుసు. అమ్మాయి చెప్పింది."

"ఎప్పుడు?"

"మనం ఐసు ఫ్యాక్టరీకి వెళ్ళకముందే."

అంత భయంలోనూ కోపం వచ్చి తల తిప్పి చూశాను. మామగారు నా వెనకే మోకాళ్ళ మీద ఉన్నారు. రెండు గుప్పిళ్ళలో నా చొక్కా. మొహంలో నెత్తురు చుక్క లేదు. కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నారు.

"కళ్ళెప్పుడు మూసుకున్నారు మామగారూ?"

"ఐసు ఫ్యాక్టరీ దగ్గర."

"అంటే ఇన్ని వారాలూ..."

"నాకు బస్సు ఫుట్‌బోర్డే ఎత్తు అల్లుడుగారూ."

"మరి ముందు చోటుందని ఎలా చెప్పారు?"

"సర్వీసంతా వెనక తలుపు దగ్గర నిలబడ్డాను. అంత జనంలో ముందు చోటుందో లేదో నాకేనాడు కనబడింది? గట్టిగా చెబితే జనం జరుగుతారు."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఇన్ని వారాలూ నన్ను అంచులదాకా తోసింది కళ్ళు మూసుకున్న మనిషన్నమాట.

"మీకెందుకు మామగారూ ఈ గొడవ? పెద్దల్లుడుగారిని పంపితే సరిపోయేది కదా."

"ఆయన కొండమీద గంతులేస్తాడు. ఆయన్ని చూస్తే మీరు ఇంకా ముడుచుకుపోతారు. అందుకని నేనే వచ్చాను."

ఆయన నా చొక్కాని ఇంకాస్త గట్టిగా పట్టుకున్నారు.

"ముందేం కనబడుతోందో కాస్త చెప్పండి," అన్నారాయన. "నాకు ధైర్యంగా ఉంటుంది."

ఆయన కోసం చూడక తప్పలేదు. బారులు తీరిన క్రేన్లు, ఒక పెద్ద ఓడని లాక్కొస్తున్న చిన్న పడవ, ఆ పక్కన మా టవరు. దాని కప్పు మీద ఎవరో మర్చిపోయిన పెయింటు డబ్బా కూడా కనబడుతోంది.

"మా టవరు మనకంటే కిందుంది మామగారూ."

"బాగా కిందా?"

"బాగా."

"అయితే మీరు దాన్నెప్పుడో దాటేశారు."

లేచి నిలబడేంత ధైర్యం ఇద్దరికీ రాలేదు. నేను దారి చెబుతుంటే ఆయన, ఆయన వెనక నేను, పాకుకుంటూ వెనక్కి వచ్చాం. లైట్‌హౌసు కాపలాదారు చూసి, ఏం పోగొట్టుకున్నారని అడిగాడు. "దొరికిందిలే బాబూ," అని మామగారు కళ్ళు తెరవకుండానే జవాబు చెప్పారు.

వానలు వెలిశాక టవరెక్కాను. మొదటి వారమంతా ఒక చేత్తో కుర్చీ పట్టుకునే ఓడలతో మాట్లాడాను. భయం ఇప్పటికీ ఉంది. ఉద్యోగమూ ఉంది.

కిందటి ఆదివారం మామగారు భుజాన టవలు వేసుకుని మా గుమ్మంలో దిగారు. మా తోడల్లుణ్ణి, ఆ గంతులేసే పెద్దల్లుణ్ణే, కంపెనీ వాళ్ళు లాంచీ డ్యూటీకి మార్చారట. తీరా చూస్తే ఆయనకి నీళ్ళంటే హడలట. ఇద్దరూ కలిసి ఈత కొలనుకి బయల్దేరారు.

"మీకు ఈత వచ్చా మామగారూ?"

"రాదు. మోకాలిలోతు నీళ్ళు చూసినా నాకు ఊపిరాడదు."

"మరి ఆయనకేం నేర్పుతారు?"

"నేర్పడానికి మాస్టారున్నాడు అల్లుడుగారూ. నేను భయపడ్డానికి వెళ్తున్నాను."