పైన ఉన్నవారితో నాలుగు మాటలు

మా పెద్ద డాక్టరుగారు పైకప్పుతో మాట్లాడతారు. అది తప్ప ఆయనలో వంక పెట్టడానికి ఏమీ లేదు.

అంత పేరున్న సర్జన్ చుట్టుపక్కల లేరు. ఆయన చెయ్యి పడితే చాలని జనం నెలల తరబడి ఆగుతారు. ఆయన కోసిన చోట మచ్చని వెతుక్కోవాలి. అయితే ఆయన దివ్యజ్ఞాన సమాజం మనిషి. ఈ కనిపించే శరీరం కాక మనకి ఒక సూక్ష్మశరీరం ఉంటుందనీ, నిద్రలో అది బయటికొచ్చి దగ్గర్లోనే తిరుగుతుందనీ ఆయన నమ్మకం. మత్తు కూడా నిద్రే కదా. కాబట్టి నేను మత్తిచ్చిన మరుక్షణం రోగి బల్ల మీద ఉండడు. పైకప్పు దగ్గర ఉంటాడు.

నేను మత్తు డాక్టరుని. ఆయన పక్కన నిలబడే నా తల నెరిసింది. రోగి పూర్తిగా నిద్రపోయాడని యంత్రం చూపిస్తుంది, నేను చెప్తాను, ఆయన వింటారు. విని, కత్తి పుచ్చుకుని, తలెత్తి, "నమస్కారమండీ, మొదలుపెట్టమంటారా?" అంటారు.

మొదట్లో వాదించాను.

"వాళ్ళకి వినపడదండీ."

"కింద ఉన్నవాళ్ళకి వినపడదు. ఒప్పుకుంటాను."

"పైన ఎవరూ లేరండీ."

"మీరు వెళ్ళి చూశారా?"

"లేదు."

"మరి!"

తర్వాత మానేశాను. మనిషికి ఓపిక ఎంతని ఉంటుంది?

పైన వింటుంటారు కనుక థియేటర్లో ఎవరూ రోగి గురించి తేలిగ్గా మాట్లాడకూడదు. ఒకసారి ఒక నర్సు నోరు జారి, "అబ్బ, ఎంత కొవ్వో!" అంది. ఆయన చేస్తున్న పని ఆపేశారు. "క్షమించమని అడగమ్మా" అన్నారు. ఎటు చూసి అడగాలో తెలియక పాపం ఆమె దీపాన్ని అడిగింది. "అటు కాదు తల్లీ, ఈ మూల" అన్నారు. ఆ మూల చూసి అడిగింది. అప్పుడు కుట్లు మొదలయ్యాయి.

ఇంట్లోనూ ఇదే వరస. వాళ్ళావిడ ఓ రోజు నాతో వాపోయింది. "నేను మెలకువగా ఉంటే పేపరు చదువుకుంటారన్నయ్యగారూ. నాకు కాస్త కునుకు పడితే చాలు, పక్కన కూర్చుని ఆ రోజు జరిగిందంతా చెప్తారు. మా ఆయనతో మాట్లాడాలంటే నేను నిద్రపోవాలి."

అసలు ముప్పు బయట, వరండాలో. ఓసారి ఒక పెద్దాయన భార్యకి ఆపరేషన్. కుట్లు పూర్తయి, ఆవిడకి ఇంకా మెలకువ రాకముందే ఈయన బయటికి వెళ్ళారు. పెద్దాయన ఎదురొచ్చి, "మా ఆవిడ ఎలా ఉందండీ?" అన్నాడు.

"పైకి వెళ్ళారండీ. హాయిగా ఉన్నారు" అన్నారు ఈయన, చల్లగా నవ్వి.

వరండా గొల్లుమంది. నేను లోపలినుంచి పరిగెత్తుకొచ్చి, "బతికే ఉందండీ, బతికే ఉంది!" అని అరిచాను. పెద్దాయన నా కాలర్ పట్టుకుని, "మరి పైకి వెళ్ళిందన్నాడే?" అన్నాడు. "దిగుతారు లెండి" అన్నారు మా డాక్టరుగారు ఓదార్పుగా. అప్పటినుంచి ఆయన బయటికెళ్తే వెనకాలే ఎవరో ఒకరు వెళ్ళి, ఆ మాటకి అర్థం చెప్పి రావాల్సిందే. ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ నేనే.

ఈ పైకప్పు వ్యవహారం బొత్తిగా గిట్టనిది మా పెద్ద సిస్టర్‌కి. థియేటర్ అంతా ఆవిడ రాజ్యం. "సున్నం వేయిద్దామంటే ఖాళీ ఏదీ? ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారక్కడ" అని ఎత్తిపొడిచేది.

అలాంటి సిస్టర్‌కి కడుపులో గడ్డ లేచింది. పెద్ద రక్తనాళాన్ని ఆనుకుని ఉంది. తీయకపోతే బతకదు, తీసేటప్పుడు పోవచ్చు. ఆ సంగతి ఆవిడకి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇలాంటి ఆపరేషన్లలో పక్కన నిలబడి పనిముట్లు అందించిన మనిషే.

ఆపరేషన్‌కి ముందు పెద్ద డాక్టరుగారిని పిలిచింది.

"నన్ను పైకి పంపకండి. నేను బల్ల మీదే ఉంటాను. మీరు తలెత్తి ఒక్క మాట అన్నా ఊరుకోను."

"నమ్మనన్నావుగా సిస్టరూ. ఇంకేం భయం?"

"నమ్మను. కానీ నాకు ఎత్తంటే కళ్ళు తిరుగుతాయి. స్టూలు కూడా ఎక్కను. ఎందుకొచ్చిన గొడవ? మాటివ్వండి."

ఆయన మాటిచ్చారు.

ఆ రోజు థియేటర్లో చప్పుడు లేదు. ఆ నిశ్శబ్దం కోసం నేను ఎన్నేళ్ళు మొక్కుకున్నానో! తీరా వచ్చాక భరించలేకపోయాను. యంత్రం కూత ఒక్కటే వినిపిస్తోంది. గడ్డ సగం విడిపడింది. అప్పుడు ఉన్నట్టుండి రక్తం చిమ్మింది.

బీపీ పడిపోతోందని చెప్పాను. ఎదురుగా సాయం చేస్తున్న చిన్న డాక్టరమ్మ గుడ్డతో అదిమి పట్టింది. చేతులు వణుకుతున్నాయి. గుడ్డ కదిలితే ఆయనకి రక్తం వచ్చే చోటు కనపడదు.

"వణక్కు తల్లీ" అన్నారాయన. ఇంకా ఎక్కువ వణికింది.

మాస్కు వెనక ఆయన పెదవులు కదిలి ఆగిపోయాయి. తల కాస్త లేచి మళ్ళీ వంగింది. ఇచ్చిన మాట అడ్డొచ్చింది. ఇలాంటప్పుడు ఆయన పైకి చూసి ఏమంటారో నాకు కంఠతా వచ్చు. ఆ మాటలు గుర్తొస్తుంటే, అవి ఎప్పుడెప్పుడు అనేవారో కూడా గుర్తొచ్చింది. రోగికి రక్తం కారినప్పుడు కాదు. మాలో ఎవరికైనా చెయ్యి వణికినప్పుడు.

నేను తలెత్తాను. "సిస్టర్‌గారూ, కంగారు పడకండి" అన్నాను పైకప్పుతో. "రక్తం ఎక్కడినుంచి వస్తోందో తెలిసిపోయింది. మా చిన్న డాక్టరమ్మ సరిగ్గా అక్కడే అదిమి పట్టింది. ఆ చెయ్యి గట్టిది. ఇలాంటివి ఈ గదిలో ఎన్ని చూశాం!"

చిన్న డాక్టరమ్మ ఊపిరి వదిలింది. చెయ్యి నిలిచింది. పెద్ద డాక్టరుగారి సూది లోపలికెళ్ళింది. తర్వాత మిగిలింది ఆయనకి రోజూ ఉండే పనే.

సిస్టర్ కోలుకుని కూర్చోగలిగాక, మా ఇద్దరినీ మంచం దగ్గరికి పిలిపించింది.

"మాట తప్పారు. మాట్లాడారు. నేను విన్నాను."

"నేను కాదమ్మా" అన్నారు పెద్ద డాక్టరుగారు. "ఈయన."

ఆవిడ నావైపు తిరిగింది. "అంటే మీ మత్తు నాకు సరిపోలేదా?"

ఇన్నేళ్ళ నా వృత్తి గౌరవం ఆ ప్రశ్న మీద నిలబడింది. నా మత్తు లోపమైనా ఒప్పుకోవాలి, లేదా డాక్టరుగారి పైకప్పునైనా ఒప్పుకోవాలి. అలసిపోయాను కూడా.

"మత్తు బాగానే సరిపోయిందండీ" అన్నాను. "మీరే పైన ఉన్నారు."

పెద్ద డాక్టరుగారు గెలిచానన్నట్టు నవ్వలేదు. వంగి ఆవిడ దుప్పటి సర్దారు. "ఇంక ఇద్దరూ విశ్రాంతి తీసుకోండి" అనేసి వెళ్ళిపోయారు.

ఇద్దరంటే సిస్టరూ నేనా, సిస్టరూ ఆవిడ సూక్ష్మశరీరమా అని నేను అడగలేదు. కుర్చీ లాక్కుని ఆవిడ పక్కనే కూలబడ్డాను.