మూడో పెడల్

మొన్న మా చెల్లెలి కూతురు కొత్త కారు కొనుక్కుని, పెద్దమ్మను ఎక్కించుకుని ఊరంతా తిప్పాల్సిందేనని పట్టుబట్టి నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టింది. అఫ్జల్‌గంజ్ దాటి నయాపూల్ దగ్గరికి వచ్చేసరికి ఎర్రలైటు పడింది, బండి నెమ్మదించింది, నా కుడికాలు నాకు చెప్పకుండానే చెప్పులోంచి బయటికొచ్చి కింద పరిచిన పట్టాను గట్టిగా నొక్కింది. మోకాలు నొస్తుందా అని అడిగింది పిల్ల. లేదన్నాను. తన కారుకు క్లచ్ లేదని, రెండే పెడళ్లని, గేర్లు వాటంతటవే మారతాయని అది గొప్పగా చెబుతుంటే, కొత్త సంగతి విన్నట్టు తల ఊపుతూ కూర్చున్నాను. అటువంటి కారు అది పుట్టకముందే మా ఇంట్లో ఉండేదని, దానికి మూడో పెడల్ పెట్టించాల్సి వచ్చిందని దానికి ఎక్కడినుంచి మొదలుపెట్టి చెప్పను? నా ఈడు వాళ్లకైతే నాలుగు మాటల్లో అర్థమవుతుంది.

మా ఆయనకు చిన్నప్పుడే పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడిపోయింది. ఆ సంగతి మా అత్తగారివాళ్లు దాచలేదు. సంబంధం మాట్లాడడానికి మా నాన్న వెళ్లినప్పుడు మా మామ కొడుకును వాకిట్లో అటూ ఇటూ నడిపించి చూపించాడట. ఎద్దును చూపించినట్టు చూపించారని ఆయన ఒకసారి నాతో అన్నాడు గాని, అది చాలా తరువాతి మాట. మా ఇల్లు శాలిబండలో, దుకాణం ఉస్మాన్‌గంజ్‌లో. బెల్లం, చింతపండు టోకు వ్యాపారం. అరవైల చివర, నవాబుల భవంతులైన దేవిళ్లలో సామాన్లు ఒక్కొక్కటే అమ్ముడుపోతున్న రోజుల్లో, మా మామ ఒక నవాబుగారింటి నుంచి పాత అమెరికా కారు కొన్నాడు. చిరిగిన గోనెసంచిని కూడా పారేయనివ్వని మనిషి అంత పొడుగు కారు కొనేసరికి బజారంతా ముక్కున వేలేసుకుంది. ఆయన చూసింది దాని సోకు కాదు. గేర్లు అదే మార్చుకుంటుంది, కుడికాలు ఒక్కటి ఉంటే నడపవచ్చు, అందుకని కొన్నాడు. మా అత్త మాత్రం ఆటోమేటిక్ అంటే దానంతటదే పోయే మోటరని అర్థం చెప్పుకుని, కొడుకు బయలుదేరినప్పుడల్లా నిద్రపోకు బిడ్డా అని జాగ్రత్త చెప్పేది.

దుకాణంలో పరుపు మీద కూర్చుంటే ఆయన కాలు ఎవరికీ కనబడదు. కారులో కూర్చుంటే అసలే కనబడదు. కారును దుకాణం మెట్టుకు ఆనించి ఆపి, గోడ పట్టుకుని రెండు అడుగులు వేస్తే పరుపు వచ్చేది, కాబట్టి ఏళ్ల తరబడి వచ్చిపోయే బేరగాళ్లలో కూడా చాలామందికి ఆయన కుంటుతాడని తెలియదు. కిటికీ మీద మోచెయ్యి పెట్టి, చార్మినార్ నుంచి మదీనా దాకా కనబడ్డ ప్రతివాణ్ణీ పేరు పెట్టి పలకరిస్తూ, రిక్షావాళ్లతో పరాచకాలాడుతూ పోయే ఆ మనిషికీ, ఇంట్లో గోడ పట్టుకుని తల వంచుకుని తిరిగే మనిషికీ పోలికే ఉండేది కాదట. ఉండేది కాదట అంటున్నానెందుకంటే నేను ఆ మొదటి మనిషిని చూడలేదు. ఎప్పుడైనా కారు ఎక్కితే ఆడవాళ్లం వెనక సీట్లో ఒదిగి కూర్చోవాలి, అక్కడినుంచి నాకు కనబడేది నూనె రాసి దువ్విన ఆయన తల వెనకభాగం. ఉమ్మడి ఇళ్లలో పగటిపూట మొగుడితో మాట్లాడడం ఎంత పెద్ద నేరమో మీకు నేను చెప్పనక్కరలేదు. పెళ్లయి కొన్నేళ్లయినా ఆయనకు ఏ కూర ఇష్టమో అత్తను అడిగి తెలుసుకున్నదాన్ని.

డెబ్బైల మధ్యలో ఒక వానాకాలం ఆ కారు మొరాయించింది. ఇంజను గొంతు చించుకునేది, చక్రాలు మాత్రం కదిలేవి కావు. బహదూర్‌పురాలో, జూపార్కుకు కొంచెం ఇవతల, పెద్ద కార్ల పనికి పేరుపడిన ఒక ఉస్తాద్ ఉండేవాడు. ఆయన కింద పడుకుని చూసి లేచి, “దీని గేర్‌బాక్స్ ఖతమైంది సేఠ్. దీని సామాన్ ఈడ దొర్కది, బంబైల గూడ దొర్కది. సాదా గేర్‌బాక్స్ ఎక్కియ్యొచ్చు గని, గట్ల చేస్తే క్లచ్ వస్తది” అని మా మామతో చెప్పి, మిగిలిన మాట అనలేక చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడట. అనకపోయినా తండ్రీకొడుకులిద్దరికీ అర్థమైంది. క్లచ్ అంటే ఎడమకాలు.

తుక్కు కింద అమ్మేసి రోజూ ఒక రిక్షా కుదుర్చుకుందామన్నాడు మా మామ. తండ్రి మాటకు ఎన్నడూ ఎదురు చెప్పని మా ఆయన అన్నం ముందు కూర్చుని, “అమ్మకు బాపూ. రిక్షాల ఎక్కాల్నంటే నన్ను ఇద్దరు పట్టి ఎత్తాలె, దించాలె. బజార్ల గా లొల్లి నాతోని కాదు” అన్నాడు. వడ్డిస్తూ విన్నాను. అంత పొడుగు మాట ఆ ఇంట్లో ఆయన నోటివెంట వినడం నాకదే మొదలు.

స్కూటర్‌కు చేత్తో క్లచ్ పడుతున్నాం గదా, కారుకెందుకు పట్టగూడదని ఆయన ఆలోచన. ఉస్తాద్‌కు కూడా అది నచ్చింది. పెడల్ ఎటూ పెడదాం, ఆయన తమ్ముడు, అంటే మా మరిది, నడిపితే పనికొస్తుంది, దానికే తీగ బిగించి చేతి దగ్గరికి తెస్తానన్నాడు. పాత వ్యానుదేదో గేర్‌బాక్సు గుజిరీలో, పాతసామాన్ల బజారులో, దొరికింది. దానికీ ఈ ఇంజనుకూ పొంతన కుదరక, మధ్యన మందపాటి ఇనుప పలక ఒకటి చేయించి ఆ రెంటికీ వియ్యం కలిపాడు. వెనక చక్రాలకు పోయే పొడుగు షాఫ్టును కోసి కొలతకు తెచ్చాడు, స్టీరింగ్ కింద గేర్ రాడ్ అమర్చాడు. ఒక ఆదివారం నేనూ మా ఆడబిడ్డా టిఫిన్ పట్టుకుపోయేసరికి, మూడో పెడల్ కోసం కారు అడుగు రేకుకు చిల్లు కోస్తున్నారు. ఆయన పక్కనే కుర్చీ వేసుకుని, ఎడమ మోకాలి మీద చెయ్యి పెట్టుకుని, అదే చూస్తున్నాడు. 

చేతి క్లచ్ చదును రోడ్డు మీద బాగానే పనిచేసింది. కాని క్లచ్ పట్టాల్సింది ఎడమ చెయ్యే, గేర్ మార్చాల్సిందీ ఎడమ చెయ్యే, కుడి చెయ్యి స్టీరింగ్ వదలరాదు. ఒక పొద్దున నయాపూల్ ఎక్కేచోట బండి వెనక్కి జారి జామకాయల బండికి తగిలింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు గాని కాయలన్నీ రోడ్డు మీద దొర్లాయి, జనం పోగయ్యారు, దిగమని అందరూ కేకలు. ఆయనకు కారులో కర్ర పెట్టుకునే అలవాటు లేదు. పట్టుకోవడానికి గోడ లేదు. తలుపు తీసి, తీసిన తలుపు పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. తెలిసిన హమాలీలు ఎవరో వచ్చి కారును పక్కకు తోశారు. ఆ తరువాత కారు మా వాకిట్లో నిలిచిపోయింది, ఆయన ఇంట్లో పడుకున్నాడు, దుకాణానికి మరిది పోతున్నాడు.

వాకిట్లో ఉన్న కారు దుమ్ము తుడవడానికని ఒకరోజు నేను ముందు సీట్లో ఎక్కాను. అప్పటి కార్ల ముందు సీటు మీకు గుర్తుండే ఉంటుంది, ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా ఒకే సోఫా. తుడుస్తూ తుడుస్తూ కొంచెం స్టీరింగ్ వైపు జరిగానో లేదో, నా కుడికాలు సరిగ్గా ఆ మూడో పెడల్ మీద పడింది. నొక్కితే దిగింది. పక్కన కూర్చుని క్లచ్ నేను తొక్కుతానన్న మాట ఆయనతో అనడానికి ధైర్యం కూడగట్టుకోవలసి వచ్చింది. “జనం నవ్వుతరే” అన్నాడు. నవ్వితే నవ్వనియ్యమన్నాను.

ఉస్తాదే మాకు నేర్పాడు. జూపార్కు అవతల ఖాళీ రోడ్డు మీద వెనక సీట్లో కూర్చుని, నేను కుచ్చిళ్లు కొంచెం పట్టుకుని కాలు పెట్టేటప్పుడు ముఖం కిటికీ వైపు తిప్పుకుని, చెట్లకు చెబుతున్నట్టు పాఠం చెప్పేవాడు. తొక్కు అని మా ఆయన అంటే నేను తొక్కాలి, ఇడువు అంటే మెల్లగా వదలాలి, ఆ లోపల ఆయన గేర్ మార్చుకోవాలి. మొదట్లో బండి కప్పలాగ గెంతేది, ఆగిపోయేది, మేమిద్దరం ఒకరి తప్పు ఒకరి మీద వేసుకుని పోట్లాడేవాళ్లం. ఆ పోట్లాట కూడా నాకు కొత్తే, పెళ్లయ్యాక అంతవరకు పోట్లాడే వీలు మాకెక్కడిది? మా అత్త, కోడలు మగవాళ్ల బజారులో ముందు సీట్లో పోవడమేమిటని గోల చేసింది. మా మామ పేపరులోంచి తల ఎత్తలేదు. దాన్ని మేం అనుమతి అనుకున్నాం.

రోజూ పొద్దున నేను ఆయనను దుకాణం దాకా దించి రిక్షాలో ఇంటికొచ్చేదాన్ని, దుకాణం కట్టేసే వేళకు మళ్లీ రిక్షాలో పోయేదాన్ని. కొన్నాళ్లకు తొక్కు, ఇడువు అనే మాటలు అవసరం లేకపోయాయి. ఇంజను గొంతు విని, ఆయన భుజం కదిలే తీరు చూసి నా కాలు పోయేది. మట్టెలు పెడల్‌కు తగిలి చప్పుడయ్యేవి, అరికాలు నల్లబడి ఎంత తోమినా పోయేది కాదు. ఆయన మాట్లాడేవాడు. అబ్బ, ఎంత మాట్లాడేవాడు! చింతపండు ధర, తమ్ముడి దుబారా, బడికి తనను జీతగాడు వీపు మీద మోసుకుపోతుంటే పిల్లలు గుర్రం వచ్చింది గుర్రం వచ్చిందని వెంటపడడం, ఎద్దులా నడిపించి చూపించినరోజు మా నాన్న ముఖం చూడలేకపోవడం, అన్నీ శాలిబండకూ ఉస్మాన్‌గంజ్‌కూ మధ్యన చెప్పినవే. నేను కూడా చెప్పేదాన్ని. ఆయన కబుర్లు వింటూ నవ్వుతూ పోతుంటే పత్తర్‌గట్టీలో గాజుల కొట్ల వాళ్లు తలలు తిప్పి చూసేవారు, నాకేమీ అనిపించేది కాదు. నేను కాపురం చేసిందంటూ ఉంటే ఆ సీటు మీదే చేశాను.

మూడేళ్లు అలా గడిచాయి. ఆ ఎండాకాలం నాకు టైఫాయిడ్ వచ్చి మంచం పట్టాను. మరిది సరుకు కోసం పైఊరు పోయాడు, దుకాణం మూసే వీలు లేదు, ఆయన గత్యంతరం లేక రిక్షాలో పోయాడు. దుకాణం ముందు ఇద్దరు హమాలీలు ఆయనను ఎత్తి దించుతుంటే, పక్క దుకాణం ఆయన, చిన్ననాటి స్నేహితుడే, “ఏందన్నా, ఇయ్యాల నీ కాలు రాలేదా?” అన్నాడట. కాలు అంటే నేను. మనసులో ఏమీ పెట్టుకుని అన్న మాట కాదు. మరుక్షణం నా జ్వరమెట్లా ఉందని అడిగిన మనిషి, ఇంటికి బత్తాయిలు పంపిన మనిషి. బజారంతా నవ్వింది. ఆయన కూడా నవ్వాడట. ఇది బజారులో విన్న మా మరిది నాకు చాలా రోజుల తరువాత చెప్పాడు.

నేను లేచి తిరిగే ఓపిక రాగానే, ఒక పొద్దున తల దువ్వుకుని, పూలు పెట్టుకుని వాకిట్లోకి వచ్చాను. స్టీరింగ్ ముందు మరిది కూర్చుని ఉన్నాడు. ఆయన వెనక సీట్లో, పక్కన కొత్తగా కొన్న చేతికర్ర. “వదినా, ఇగ నువ్వు తక్లీఫ్ పడకుమన్నడు అన్న” అన్నాడు మరిది. నేను ఆయన వంక చూశాను, ఆయన ఎదుటి గోడ వంక చూశాడు. కారు పోయింది. లోపలికి వచ్చి, బియ్యం చాటలో పోసుకుని ఏరుతూ, ఎందుకేడుస్తున్నావని అత్త అడిగితే నీరసమన్నాను.

ఆ తరువాత ఆయన మళ్లీ స్టీరింగ్ పట్టలేదు. ఎందుకని ఒకటి రెండుసార్లు అడిగితే ఇంట్లో పనులున్నాయి గదా అన్నాడు. రోజూ వెనక సీట్లోంచి కర్ర ఊతంగా అందరి కళ్లముందే దిగేవాడు, అది దాచుకునే ప్రయత్నం కూడా మానేశాడు, దారిలో ఎవరినీ పలకరించేవాడు కాదని మరిది చెప్పేవాడు. కొంతకాలానికి కారు అమ్మేశారు, కొన్నవాళ్లు ఏం చేశారో నాకు తెలియదు. ఎనభైల చివర ఆయన జబ్బుపడి ఆస్పత్రిలో ఉన్నప్పుడు, మేమిద్దరమే ఉన్న ఒక మధ్యాహ్నం, ఎన్నాళ్లనుంచో నోట్లో నానుతున్న మాట చెప్పుకుందామని, మన కారు రోజులు ఎంత బాగుండేవో గదా అని మొదలుపెట్టాను. ఆయన కోపం లేకుండానే, “గా దినాలు యాది చెయ్యకే. నీ కాలు మీద బతికిన దినాలు” అని అటు తిరిగి పడుకున్నాడు. నేను చెప్పాలనుకున్నది చెప్పలేదు. మరి ఆయన ఇంటికి రాలేదు.

ఇప్పుడు తోచినప్పుడల్లా లెక్క వేసుకుంటాను. ఇవాళ వీధివీధినా కనబడే ఈ కార్లు ఆనాడు ఉండి ఉంటే ఆయన తన కారు తానే నడుపుకుంటూ, ఎవరి చేతా ఒక్క మాట అనిపించుకోకుండా బతికేవాడు. అలా బతకాలనే నేను కోరుకోవాలి, కోరుకుంటాను కూడా. కాని అప్పుడు నేను వెనక సీట్లోనే ముసలిదాన్నయ్యేదాన్ని, ఆయన బడికి ఎట్లా పోయాడో నాకు తెలిసేది కాదు. ఆలుమగలు పక్కపక్కన కూర్చుని, నవ్వుకుంటూ, ఒకరి మీద ఒకరు విసుక్కుంటూ పత్తర్‌గట్టీలో పోతుంటే ఇప్పుడు ఎవరూ తల తిప్పి చూడరు, వాళ్లకు అది ఒక విషయమే కాదు. నాకు మాత్రం ఆయన పక్కన కూర్చోవడానికి ఒక కారు చెడిపోవలసి వచ్చింది, ఆ మూడేళ్లూ నాకు ఎంత బాగుండేవో ఆయనకు తెలియకుండానే పోయాడు.