రాండ్రి, తిందాం

మా బావకి ఒక అలవాటు. బాన్సువాడ బస్టాండ్ దగ్గర మిర్చీ బజ్జీల పొట్లం విప్పితే చాలు, దారిన పోయేవాళ్లందరినీ "రాండ్రి, తిందాం" అని పిలుస్తాడు. వాళ్లు "ఇప్పుడే తిన్నం" అనాలి, బావ తినాలి. అదీ పద్ధతి.

పోయినేడు మేమిద్దరం బ్యాంకాక్ వెళ్లినప్పుడు, ఫుట్‌పాత్ మీద నూడుల్స్ తింటూ ఎదురుగా నిలబడ్డ ముసలాయనకి బెంచీ తట్టి చూపించాడు. ఆయన నవ్వి కూర్చున్నాడు. ఫోర్కు కూడా తెచ్చుకుని బావ ప్లేట్లోంచే తినసాగాడు.

"ఏందిరా, నిజంగనే తింటుండు," అన్నాడు బావ నా చెవిలో. ప్లేటు ఖాళీ అయ్యేదాకా ఆయన్నే చూస్తూ ఉండిపోయాడు.

మొన్న బస్టాండ్‌లో పొట్లం విప్పి నన్ను పిలిచాడు. "ఇప్పుడే తిన్న బావా," అన్నాను.

"ముప్పై ఏండ్ల సంది పిలుస్తున్న. వచ్చినోడు గాయనొక్కడే," అన్నాడు.